బీరువాలో రెయిన్ కోటు

“జాయ్సీ, కదలొద్దమ్మా! కోటు చిరిగిపోద్ది!”

నాన్నగారు పడవ ఆ చివరి నుంచి కేకేశారు. జాయ్సీ కదలడం మానేసింది. ఊపిరి కూడా కొంచెం తగ్గించి పీల్చింది.

కొల్లేటి మీద వాన జోరందుకుంది. పెర్సిస్ అత్త కొడుకు మొదటి పుట్టినరోజుకి కొల్లేటికోట వచ్చి, భోజనాలు చేసి, జాయ్సీ వాళ్ళు తిరిగి ఏలూరు బయల్దేరారు. పడవ అవతలి రేవుకి చేరితే అక్కడ బస్సు ఉంటుంది. అది వెళ్ళిపోతే ఆ రోజుకి ఇంకో బస్సు లేదు.

జాయ్సీ వేసుకున్నది గులాబీ రంగు వాన కోటు. కోటు అని పిలవడం మర్యాద కోసమే. పల్చటి కూరగాయల కవరుకి తల పట్టేంత కన్నం పెడితే ఎలా ఉంటుందో, అలా ఉంది. ఏలూరు బస్టాండులో నాన్నగారు కొన్నారు. మూడు కొంటే నాలుగోది ఉచితం. ఇంట్లో ఉన్నదేమో ముగ్గురు. అందుకని నాలుగో కోటు పొద్దున కేకు వేసుకుంది. ఇప్పుడు అత్త కట్టిచ్చిన చేపల పులుసు క్యారియరు వేసుకుంది.

నిజానికి జాయ్సీకి మంచి రెయిన్ కోటు ఉంది. నీలం రంగుది. మందంగా, జేబులతో ఉంటుంది. కిందటి క్రిస్మస్‌కి పెర్సిస్ అత్తే కొనిచ్చింది. అది బీరువాలో ఉంది.

“అంత మంచి కోటు వానలో వేసుకుంటారేంటే? పాడైపోదూ?” అంటుంది అమ్మ.

అదే క్రిస్మస్‌కి అత్త అమ్మకి పూల గొడుగు ఇచ్చింది. ఈ రోజు అమ్మ దాన్ని వెంట తెచ్చింది. అత్త వాళ్ళ గుమ్మం ముందు తెరిచింది. అత్త చూసింది. వెంటనే అమ్మ దాన్ని మూసి, తుడిచి, కవర్లో పెట్టేసింది. ఇప్పుడు గొడుగు అమ్మ ఒళ్ళో పొడిగా ఉంది. అమ్మే సగం తడిసింది.

పడవలో వాళ్ళు కాక ముగ్గురే ఉన్నారు. వెనక ఇంజను దగ్గర పడవ నడిపే ఇస్సాకు. మధ్యలో అత్త వాళ్ళ వీధి సూరమ్మ, ఆమె ఒళ్ళో చీర కొంగు కింద చిన్న మనవడు.

“బాబుకి ఒంట్లో బాలేదా అండీ?” అంది అమ్మ.

“నిన్నటి నుంచి జ్వరమండి. కళ్ళు కూడా సరిగ్గా తెరవట్లేదు. ఏలూరు పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్ళమన్నారండి.”

అమ్మ వాడి నుదురు ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. “అమ్మో, కాలిపోతోంది! ఇస్సాకూ, బస్సు అందుద్దా?”

“అందుద్దండి. అందకేం?” అన్నాడు ఇస్సాకు.

అప్పుడే గాలి ఒకటి గట్టిగా కొట్టింది. జాయ్సీ కోటు బెలూన్‌లా ఉబ్బింది. మెడ దగ్గర మొదలై నడుం దాకా సర్రున చిరిగింది. చల్లటి నీళ్ళు వీపు మీదుగా కిందికి జారాయి.

జాయ్సీ కోటు విప్పి చేతిలో పట్టుకుంది. దాని అంచున చిన్న అక్షరాలున్నాయి. ‘ఒకసారి వాడి పారవేయవలెను.’

జాయ్సీ మళ్ళీ చదివింది. వాళ్ళింట్లో ఏదీ పారేయరు. జామ్ సీసాలో ఆవాలుంటాయి. బిస్కెట్ల డబ్బాలో సూదీ దారం ఉంటాయి. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. పెళ్ళి శుభలేఖల వెనకాలే లెక్కలు చేస్తారు. టీవీ రిమోట్ కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. దానిలోంచే నొక్కుతారు. అలాంటిది, పారేయమని ఎవరో అచ్చేయించి మరీ చెప్పారు!

ఆ అవకాశం మళ్ళీ వస్తుందో రాదో.

జాయ్సీ కోటుని ఉండ చుట్టి పడవ పక్కన నీళ్ళలోకి వదిలేసింది. అది నీళ్ళలో మెల్లగా విచ్చుకుని, ఒకసారి ఊగి, పడవ కిందికి జారిపోయింది. చూడ్డానికి చాలా బాగుంది.

తర్వాత ‘గర్ర్‌ర్’ మని శబ్దం వచ్చింది. ఇంజను ఠక్కున ఆగిపోయింది.

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. వాన చప్పుడొక్కటే. జాయ్సీ పడవ వెనక్కి చూసింది. పడవ వెనక నీళ్ళలో ఫ్యాను తిరుగుతుందని, దానివల్లే పడవ కదులుతుందని పొద్దున ఇస్సాకే చూపించాడు.

ఇస్సాకు ఇంజను తిప్పాడు. అది గుర్రుమని మళ్ళీ ఆగింది.

“ఏమైంది ఇస్సాకూ?” అన్నారు నాన్నగారు.

“పొద్దున వానలో డీజిల్ పోశానండి. నీళ్ళు కలిసుంటాయి. పైపు విప్పి చూడాలి.”

నాన్నగారికి స్కూటరుంది. అందుకని ఇంజన్ల సంగతి ఆయనకి బాగా తెలుసు. “ప్లగ్గు చూశావా?”

“డీజిల్ ఇంజనుకి ప్లగ్గుండదండి.”

“అదే, లేదా అని చూశావా అంటున్నా.”

ఇస్సాకు పైపు విప్పాడు. నాన్నగారు కూతురి వైపు తిరిగారు. “జాయ్సీ, తడిసిపోతున్నావేంటి? కోటేది?”

“చిరిగిందండి. బ్యాగులో పెట్టాను.”

ఆ మాట దానంతటదే వచ్చేసింది. వెనక్కి తీసుకుందామంటే దారి కనపడలేదు.

“మంచి పని చేశావు. ఇంటికెళ్ళాక టేపు అంటిద్దాం,” అన్నారు నాన్నగారు.

పడవ దారి తప్పి, గాలికి పక్కకి కొట్టుకుపోయి కిక్కిస గడ్డిలో ఆగింది. ఇస్సాకు పైపులో నోరు పెట్టి ఊదాడు. డీజిల్ నోట్లోకొచ్చి ఉమ్మాడు. ఇంకో పైపు విప్పాడు. జాయ్సీ బ్యాగుని గుండెకి హత్తుకుంది. ఎవరైనా తెరిచి చూస్తారేమోనని భయం. చెబితే నాన్నగారు ఏమంటారో? చెప్పకపోతే? డీజిల్లో నీళ్ళు నిజంగానే ఉండొచ్చు కదా. ఉంటే బాగుండు. దేవుడా, డీజిల్లో నీళ్ళుండేట్టు చెయ్యి.

అవతలి రేవు నుంచి బస్సు హారన్ వినిపించింది.

“అయ్యో, బయల్దేరిపోద్దేమో!” సూరమ్మ బాబు చెంప తట్టింది. “నాయనా, కళ్ళు తెరువు. ఒకసారి అమ్మమ్మని చూడరా.”

బాబు చూడలేదు. చిన్నగా మూలిగాడు. తడిసిన కొంగు వాడి మొహానికి అతుక్కుపోయింది.

అమ్మ తన ఒళ్ళోకి చూసుకుంది. గొడుగు కవరు జిప్పు లాగింది. గొడుగు తెరిచింది. వానలో! దాన్ని బాబు మీద పట్టి, తను పూర్తిగా తడుస్తూ కూర్చుంది.

జాయ్సీ ఇక ఆగలేకపోయింది.

“నాన్నగారూ... కోటు బ్యాగులో లేదండి.”

“మరెక్కడుంది?”

“కింద.”

“ఎక్కడ కింద?”

జాయ్సీ నీళ్ళకేసి చూపించింది. “నేనే పారేశానండి. పడవ కిందికెళ్ళింది. తర్వాతే ఇంజనాగింది.”

ఇస్సాకు చేతిలో పైపు అక్కడే వదిలేశాడు. కత్తి తీసుకుని నీళ్ళలోకి దిగాడు. ఛాతీ లోతు నీళ్ళు. మునిగాడు, లేచాడు. చేతిలో గులాబీ రంగు పేలిక. మళ్ళీ మునిగాడు. ఇంకో పేలిక.

“ఈ మాట ఇందాకే చెప్పొచ్చు కదమ్మా!” అంది సూరమ్మ.

జాయ్సీకి ఏడుపొచ్చింది. వానలో ఏడిస్తే ఒక సౌకర్యం ఉంది, ఎవరికీ తెలియదు. అమ్మకి తెలిసింది. గొడుగు లేని చేత్తో జాయ్సీని దగ్గరికి లాక్కుంది.

నాన్నగారు తను వేసుకున్న కోటు అంచు పైకెత్తి, కళ్ళజోడు తుడుచుకుని చదివారు. “పారవేయవలెను అని రాశాడు గానీ, ఎక్కడో రాయలేదు,” అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

ఇస్సాకు పేలికలన్నీ పడవలోకి విసిరాడు. ఒకటి జారి నీళ్ళలో పడి తేలిపోతోంది. జాయ్సీ పడవ అంచు మీద బోర్లా పడుకుని, చెయ్యి చాచి దాన్ని అందుకుంది. మిగతావాటితో కలిపి బ్యాగులో పెట్టింది. ఈసారి నిజంగానే.

ఇస్సాకు పైపులు బిగించి ఇంజను తిప్పాడు. పడవ కదిలింది.

రేవు దగ్గరికి వచ్చేసరికి బస్సు కదులుతోంది. పడవ ఒడ్డుకి తగిలీ తగలకముందే జాయ్సీ దూకింది. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. రెండోదాంతోనే పరిగెత్తింది.

“ఆపండి! బాబుకి జ్వరమండి! ఆసుపత్రికెళ్ళాలండి!”

బస్సు ఆగింది. కండక్టరు తల బయటికి పెట్టాడు. “ఎవరికి, నీకేనా జ్వరం? ఈ వానలో కోటైనా లేకుండా ఏంటమ్మా ఆ పరుగు?”

“నాక్కాదండి, వెనక వస్తున్నారండి,” అంది జాయ్సీ రొప్పుతూ. సూరమ్మ బస్సెక్కేదాకా మెట్టు మీంచి కాలు తియ్యలేదు.

ఏలూరులో దిగాక సూరమ్మ బాబుని ఎత్తుకుని ఆటో ఎక్కింది. పూల గొడుగు కూడా ఆటో ఎక్కింది. అమ్మే ఇచ్చింది. ఆటో మలుపు తిరిగేదాకా చూసి, “కవరు కూడా ఇవ్వాల్సింది,” అంది.

బాబుకి జ్వరం తగ్గిందని బుధవారం అత్త ఫోన్ చేసింది. గొడుగు ఇంకా రాలేదు. అమ్మ అడగలేదు కూడా.

గురువారం పొద్దున మళ్ళీ వాన. మిగిలిన మూడు కోట్లనీ నాన్నగారు సబ్బుతో కడిగి వరండాలో ఆరేశారు. ఒకదానికి ఇంకా చేపల పులుసు వాసన పోలేదు. జాయ్సీ వాటిని దాటుకుని వెళ్ళి బీరువా తెరిచింది. నీలం రెయిన్ కోటు బయటికి తీసింది.

“అది కొత్తదే! తడిసిపోద్ది!” అమ్మ వంటింట్లోంచి అరిచింది.

జాయ్సీ కోటు తొడుక్కుంది. గుండీలు పెట్టుకుంటూ నిలబడింది. అమ్మ బయటికొచ్చి చూసింది. లోపలికెళ్ళి కత్తెర తెచ్చింది. “ఉండు, ధర చీటీ వేలాడుతోంది,” అని కత్తిరించింది. ఆ చీటీని మాత్రం దాచుకుంది.

కాలువ వంతెన మీద పక్కింటి సమ్రీన్ కలిసింది. సమ్రీన్ వేసుకున్నది పచ్చ రంగు పల్చటి కోటు. అది అప్పటికే భుజం దగ్గర రెండుగా విడిపోయింది.

“ఛీ, బస్టాండు కోటు!” సమ్రీన్ దాన్ని విప్పి, ఉండ చుట్టి, కాలువలోకి విసరడానికి చెయ్యెత్తింది.

“వద్దు, ఇలా ఇవ్వు.”

“చిరిగిపోయింది. నీకెందుకు?”

జాయ్సీ దాన్ని లాక్కుని మడిచి, రెయిన్ కోటు జేబులో కుక్కింది. తర్వాత కోటు విప్పి ఇద్దరి తలల మీదా పట్టింది.

“ఆ చివర గట్టిగా పట్టుకో. కదిలినా ఏం పర్లేదు,” అంది. “ఇది చిరగదు.”