నైన్ ఆంటీస్ నుంచి దిగే దారి

ఇంగ్లండ్‌లో ఒక కొండ ఉంది. కొండ మీద తొమ్మిది రాళ్ళు గుండ్రంగా నిలబెట్టి ఉంటాయి. ఎవరు నిలబెట్టారో తెలీదు, ఎందుకో తెలీదు. నాలుగువేల ఏళ్ళ కిందటివని మాత్రం బోర్డు మీద రాసుంటుంది. ఆ ఊరివాళ్ళు వాటిని ‘నైన్ ఆంటీస్’ అంటారు. పగలంతా పిల్లల్ని తీసుకెళ్ళి ఫొటోలు దిగుతారు. పొద్దువాలితే మాత్రం అక్కడ ఒక్కరూ ఉండరు.

ఎక్కేటప్పుడు ఏమీ కాదట. దిగేటప్పుడే… వెనక వస్తున్నది ఎవరో ఒకసారి చూసుకుని మరీ దిగాలట.

ఈ మాట నాకు చెప్పింది వాసవి. కెనడాలో, నార్త్ యార్క్‌లో మేమిద్దరం ఒకే బ్యాంకులో పనిచేస్తాం. వచ్చే జూన్‌లో ఇక్కణ్ణుంచి పన్నెండు మందిని తీసుకెళ్ళి, ఇంగ్లండ్ పల్లెల్లో నడిపించుకొద్దామని నేనొక ప్లాన్ వేశా. తొమ్మిది రోజులు, పద్నాలుగు పాత కట్టడాలు, మొత్తం నూటపదకొండు కిలోమీటర్లు. ఎక్సెల్ షీట్ తెరిచి చూపించా. వాసవి పైనుంచి చూసుకుంటూ వచ్చి, పదకొండో వరుసలో నైన్ ఆంటీస్ దగ్గర ఆగింది.

“ఇది తీసెయ్.”

“ఎందుకు? రేటింగ్ నాలుగు పాయింట్ ఎనిమిది!”

“రేటింగ్ ఇచ్చినవాళ్ళంతా పగలు వెళ్ళుంటారు.”

లంచ్ బాక్స్ మూత పెట్టేసి, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. నాకు నమ్మకం కలక్క, ఆ రాత్రే వాళ్ళ నాన్నగారు శేషగిరి అంకుల్‌కి ఫోన్ చేసి విడిగా అడిగా. ఇద్దరి మాటలూ సరిపోయాయి, ఒక్క నిమిషం కూడా తేడా లేకుండా. ఇక వినండి.

పోయిన అక్టోబరులో వాళ్ళు ముగ్గురే వెళ్ళారు — వాసవి, అంకుల్, వాసవి వాళ్ళమ్మ హైమావతి ఆంటీ. ట్రిప్ ఐడియా అంకుల్‌ది. నార్త్ యార్క్ పక్కనే వాన్ అనే ఊళ్ళో ఇల్లు, అక్కడే ఒక వేర్‌హౌస్‌లో మేనేజరు. పదేళ్ళుగా వరసగా నాలుగు రోజులు సెలవు పెట్టని మనిషి, ఉన్నట్టుండి “పదండి, ఇంగ్లండ్ చూసొద్దాం” అన్నారు.

“ఈయన ఊరికే ఐస్‌క్రీమ్ కూడా కొనరు. ఏదో ఉందే,” అంది ఆంటీ, కూతురితో.

ఉంది. అంకుల్‌కి దేశానికి అటువైపున్న ఎడ్మంటన్‌లో పెద్ద ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్ మీద సంతకం కూడా చేసేశారు. నవంబరు పద్దెనిమిదిన జాయినవ్వాలి. వాసవికి తెలుసు. ఆంటీకి మాత్రం ఇంకా చెప్పలేదు.

చెబితే ఏమవుతుందో తెలుసు కాబట్టే చెప్పలేదు. ఆయన ఉద్యోగాల వెంట ఆవిడ అప్పటికే ఐదుసార్లు ఇల్లు సర్దింది. వాన్‌లో దిగాక బేస్‌మెంట్‌లో పిల్లలకి వీణ నేర్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు పదకొండు మంది వస్తున్నారు. “ఇంకోసారి కదలాలంటే మీరొక్కరే కదలండి. నేను రాను” అని ఎప్పుడో తేల్చి చెప్పేసింది.

అంకుల్‌కి ఒక అలవాటు. కష్టమైన సంగతి ఏదైనా కారు నడుపుతూనే చెబుతారు. కళ్ళు రోడ్డు మీద ఉంటాయి, పక్క సీట్లో ఉన్న భార్య మొహం చూడక్కర్లేదు. న్యూజెర్సీలో ఉద్యోగం పోయిన సంగతీ, కెనడాకి అప్లై చేసిన సంగతీ ఆంటీకి హైవే మీదే తెలిశాయి. కానీ ఇంగ్లండ్‌లో బండి ఎడమవైపు నడపాలి. ఆయనకి భయం. స్టీరింగ్ వాసవి చేతికి పోయింది.

మూడు కోటలు, ఒక పాడుబడ్డ మఠం, రెండు రోమన్ గోడలు చూశారు. నాలుగు రోజులు గడిచాయి. మాట నోరు దాటలేదు.

“నాన్నా, ఎల్లుండి ఫ్లైట్. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?” అని వాసవి చెవిలో గొణిగింది.

“చెప్తానమ్మా. ఇవాళ ఎలాగైనా చెప్తా.”

ఆ ఇవాళే నైన్ ఆంటీస్.

కార్ పార్క్ పక్కన టీ అమ్మే ముసలావిడ షాపు కట్టేస్తూ, వెనక ఎవరొస్తున్నారో చూసుకోమని చెప్పింది అప్పుడేనట. వాసవి నవ్వేసింది. పైకి ఎక్కేసరికి ఐదున్నర. వాసవి పేరుకి అర్థం చెప్పగానే ఆంటీ నడుం మీద చెయ్యి పెట్టుకుని రాళ్ళ వంక చూసింది.

“తొమ్మిదిమంది అత్తలా! ఒక్క అత్తగారితో ఇరవైరెండేళ్ళు వేగాను, చాలదూ?”

అన్నదే గానీ, చెప్పులు విప్పినంత భక్తిగా ఒక ప్రదక్షిణం చేసింది. ఏ దేవుడో తెలీనప్పుడు ఒక్కటి చాలునట.

ఐదూ యాభైకి మంచు దిగింది. దిగిందంటే… లోయలోంచి పైకి పాకుతూ వచ్చింది. ముందు కింద ఊరు పోయింది. తర్వాత గొర్రెలు. తర్వాత దారి పక్కన గోడ.

“పదండి పదండి,” అంది వాసవి.

ఆంటీ ఒక రాయికి ఆనుకుని కూర్చుంది. బూటులో చిన్న రాయి పడింది. “మీరు నడుస్తూ ఉండండి. ఇది తీసేసుకుని వచ్చేస్తా.”

దారి ఎంత సన్నమంటే, ఇటూ అటూ రాతి గోడలు, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు. ముందు వాసవి, ఫోన్ లైటు వేసుకుని. పది అడుగుల వెనక అంకుల్. కాసేపటికి ఆయన వెనక అడుగుల చప్పుడు. తడి మట్టిలో బూట్లు… చప్… చప్…

“హైమా, వచ్చావా?”

“ఊఁ.”

ఆ చప్పుడు ముందున్న వాసవికి కూడా వినబడింది. ఇద్దరూ వస్తున్నారు కదా అనుకుని దారి చూసుకుంది.

అంకుల్‌కి అప్పుడు వెలిగింది. కళ్ళు దారి మీద, భార్య వెనక. మొహం చూడక్కర్లేదు. అచ్చం హైవే లాగే ఉంది!

ముందు జేబులోంచి చెక్క తీశారు, తినడానికి ఇంటి నుంచి తెచ్చుకున్నది. సగానికి విరిచి, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపారు. “ఇదిగో.”

తీసుకుంది. కరకరమని నమిలిన శబ్దం.

“నీకో మాట చెప్పాలి… మధ్యలో అడ్డు రాకు.”

“ఊఁ.”

మొత్తం చెప్పేశారు. ఎడ్మంటన్. ఇంటర్వ్యూ. సంతకం. నవంబరు పద్దెనిమిది. ఇన్నాళ్ళూ దాచినందుకు సిగ్గుగా ఉందని కూడా చెప్పారు. ఆ మాట ఆయన హైవే మీద ఎప్పుడూ అనలేదు. ప్రతి మాటకీ వెనక నుంచి “ఊఁ”. ఒక్క ఎదురుప్రశ్న లేదు. అరుపు లేదు. ఆయనకి అదే ఆశ్చర్యం.

కొండ దిగువన దారికి అడ్డంగా కర్రల మెట్టు ఒకటి ఉంది. గొర్రెలు దాటకుండా కట్టింది. దాని మీద కాలు పెట్టి ఆగారు.

“నువ్వు రానంటే వద్దు హైమా. ఇప్పుడే మెయిల్ పెట్టి మానేస్తా. చెప్పు… వస్తావా?”

ఈసారి “ఊఁ” రాలేదు.

అడుగులు కూడా ఆగిపోయాయి. మెడ దగ్గర ఎవరో ఊపిరి పీల్చినట్టు… అంతే.

“సరే. ఆలోచించుకునే చెప్పు,” అని తిరక్కుండానే మెట్టు దాటేశారు.

కార్ పార్క్ చేరేసరికి ఆరూ ముప్ఫై ఏడు. రెండు పాయింట్ మూడు కిలోమీటర్లు, నలభై ఏడు నిమిషాలు. సిగ్నల్ రాగానే వాసవి ఫోన్ మోగింది. తెర చూసి నవ్వింది.

“నాన్నా, నీ వెనకే ఉండి అమ్మ నాకు ఫోన్ చేస్తోందేంటి?”

స్పీకర్ నొక్కింది.

“ఏమే, ఎక్కడిదాకా వెళ్ళిపోయారు? నేనింకా రాళ్ళ దగ్గరే కూర్చున్నా. చలేస్తోంది.”

అంకుల్ అప్పుడు తిరిగి చూశారు. సన్నటి దారి. మంచు. ఎవరూ లేరు.

“హైమా!”

ఆయన ఆవిడని పేరు పెట్టి అరిచి పిలవడం వాసవి ఎప్పుడూ వినలేదట. అరవై ఒక్కేళ్ళ మనిషి, మోకాలికి బెల్టు వేసుకునే మనిషి, కూతురి చేతిలో ఫోన్ లాక్కుని కొండెక్కేశారు. దిగడానికి నలభై ఏడు పట్టిన దారి ఎక్కడానికి ముప్ఫై ఒకటి. నేను రెండుసార్లు అడిగి లెక్క సరిచూసుకున్నా.

ఆంటీ అదే రాయికి ఆనుకుని, శాలువా చెవుల మీదకి లాక్కుని, నిమ్మళంగా కూర్చుని ఉంది.

“ఎందుకలా రొప్పుతున్నారు? బీపీ మాత్ర వేసుకున్నారా?”

అంకుల్ ఆవిడ ముందు గడ్డిలో కూలబడ్డారు. తడి గడ్డి. లైటు వెలుగులో ఆవిడ మొహంలోకి సూటిగా చూశారు. కారు లేదు, రోడ్డు లేదు. తప్పదు.

“హైమా… నీకో సంగతి చెప్పాలి.”

“మళ్ళీనా? ఇందాకేగా చెప్పారు.”

వెనకే ఎక్కొచ్చిన వాసవి అడుగు ఆగిపోయింది.

“ఏం… ఏం చెప్పాను?”

“బావుంది! ఎడ్మంటన్, నవంబరు పద్దెనిమిది. చెక్క విరిచి చేతిలో పెట్టి, ఇక్కడే, ఇలాగే ఎదురుగా కూర్చుని చెప్పారు. నా చెయ్యి పట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూ. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి. అందుకే కోపం రాలేదు, లేకపోతే ఈ రాళ్ళతోనే కొట్టేదాన్ని.” శాలువా సర్దుకుంది. “వస్తావా అని అడిగి, నేను నోరు తెరిచేలోపు లేచి మంచులోకి వెళ్ళిపోయారు. బాత్రూమ్ కంగారేమో అనుకున్నా.”

వాసవి చేతులు రెండూ జేబుల్లోకి పోయాయి.

“జవాబు ఇప్పుడు వినండి. మే నెలలో పిల్లల కచేరీ ఉంది. అది అయ్యాక వస్తా. అప్పటిదాకా అక్కడ వంట మీరే చేసుకోవాలి. చారు కూడా. సరేనా?”

“సరే,” అన్నారు అంకుల్. అది మాట కాదు, గాలి.

“అయితే లేపండి. మోకాళ్ళు పట్టేశాయి.”

చెయ్యి చాపింది. అంకుల్ పట్టుకున్నారు. ఆంటీ సగం లేచి… ఆగిపోయింది. వెచ్చగా ఉన్న ఆయన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మెల్లగా, ఆయన భుజం మీదుగా, రాళ్ళ వంక చూసింది.

“ఏమండీ… ఇందాక మీ చెయ్యి మంచుగడ్డలా ఉందే?”