నన్నెప్పుడు చంపుతారు?

"నన్నెప్పుడు చంపుతారు?" అని రూపశ్రీ మళ్ళీ అడిగింది.

పరుపుల దొంతరకు ఆనుకుని కూర్చున్న యోగానంద, మైకును కొంచెం పక్కకు జరిపాడు. "నిన్ను సంపను. వేరే ప్రశ్న అడుగు."

తిరుచానూరులో రూపశ్రీ నాయన మునిరామయ్యకు చిన్న లాడ్జి ఉంది. అందులో పరుపులు, దిండ్లు దాచే గదే ఆమె స్టూడియో. ఆ దూది మధ్య కూర్చుంటే బయట యాత్రికుల గోల వినపడదు. అక్కడినుంచే ఆమె 'దడ' అనే పాడ్‌కాస్ట్ నడుపుతోంది. దెయ్యాల కథలు రాసేవాళ్ళను పిలిచి మాట్లాడిస్తుంది. ఎవరొచ్చినా చివరి ప్రశ్న ఒకటే: "మమ్మల్నందర్నీ భయపెడతారు కదా, మీకేమంటే భయం?"

శవాల గురించి తప్ప రాయని చక్రధర్‌గారు బల్లి అన్నారు. శ్మశానాల స్పెషలిస్టు కోమలిగారు, అత్తగారి వీడియో కాల్ అన్నారు. యోగానంద మాత్రం మొదటిసారి వచ్చినప్పుడు, "పాకాల బస్సు పోతుంది," అని లేచి వెళ్ళిపోయాడు.

"భయమే తెలియనివాళ్ళు కూడా హారర్ రాసేస్తున్నారండీ," అని ఆమె ఆ ఎపిసోడ్ ముగించింది. అది విని అతను ఫోన్ చేసి పోట్లాడాడు. పోట్లాట తేలక టీ తాగుతూ మాట్లాడుకుందామనుకున్నారు. టీలు ఏడాదిగా నడుస్తున్నాయి, పోట్లాట ఇంకా తేలలేదు.

యోగానందకు ఒక అలవాటుంది. తెలిసినవాళ్ళను అసలు పేర్లతోనే కథల్లో పెట్టి చంపేస్తాడు. తిరుపతి బస్టాండు దగ్గర టీ అమ్మే చెంగయ్య ఒక కథలో నీళ్ళ ట్యాంకులో తేలాడు. ఆ పేజీకి ఫ్రేము కట్టించి కొట్లో తగిలించుకున్నాడు చెంగయ్య. "మమ్మల్నెప్పుడప్పా సంపేది?" అని దారిలో ఆపి అడిగేవాళ్ళకు లెక్కే లేదు. రూపశ్రీ స్నేహితురాలు భానుశ్రీని అతను చూసింది ఒక్కసారి. మరుసటి నెల కథలోనే ఆమె జడే ఆమె మెడకు చుట్టుకుంది.

రూపశ్రీ ఒక్కతే మిగిలిపోయింది.

"భానుకు ఉండేది నాకేం లేదు?" అంది, నవ్వుతున్నట్టే.

"నువ్వు నా కథలకు సరిపోవు రూపా."

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. రికార్డింగ్ ఆపేసింది. కాసేపు వైరు చుట్టుకుంటూ కూర్చుని, "చిత్తూరు నుంచి సంబంధం వచ్చింది. సూసుకునేదానికి శుక్రవారం వస్తామంటా ఉండారు. రమ్మనేదా వద్దనేదా అని నాయన అడుగుతా ఉండాడు," అంది.

ఒక్క మాట చాలు. 'వద్దను' అంటే చాలు. ఆమె అతని ముఖం వైపే చూసింది.

అతను సంచి భుజానికి తగిలించుకున్నాడు. "మంచోళ్ళైతే రమ్మను," అని గడప దాటేశాడు. గొడుగు మర్చిపోయాడు.

ఆ గొడుగును చూస్తూ రూపశ్రీ చాలాసేపు కూర్చుంది. ఏడుపైనా రాలేదు. టీ పోసే మనిషి, జడేసుకున్న అమ్మాయి, అందరూ అతని మనసులో ఒక మూల చోటు సంపాదించుకున్నారు. తనకు చచ్చేపాటి చోటు కూడా లేదు. ఏడాది పాటు ఒంటరిగా తానే ప్రేమించుకుంటూ వచ్చానని అర్థమయ్యేసరికి ఆమెకు తనమీదే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున మైకు ముందు కూర్చుని తానే ఒక కథ చెప్పింది. వానలో తిరుచానూరు రోడ్డుమీద ఒక ఆటో బోల్తా పడుతుంది. అందులో చచ్చిపోయిన అమ్మాయి పేరు రూపశ్రీ. ఆమెను తీసుకెళ్ళడానికి ఎవరూ రారు. "కథ: యోగానంద," అని అతని పేరే చెప్పి అప్‌లోడ్ చేసింది. తర్వాత బయటికి వచ్చి, "రమ్మను నాయనా," అంది. ఫోన్ స్విచాఫ్ చేసి దిండ్ల మధ్యకు విసిరేసింది.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. లాడ్జి ముందు ఆటో ఆగిన చప్పుడు, ఆ వెంటనే అరుపు.

"రూపశ్రీ యాడుండాది? సెప్పండి పెద్దాయనా, యాడుండాది?"

"లోపలుండాదప్పా! ఏమైంది నీకు?" మునిరామయ్య గొంతు.

యోగానంద తలుపు దగ్గరికి వచ్చాడు. నిలువునా తడిసిపోయాడు, కాలికి ఒకటే చెప్పు. ఆమెను చూశాడు. గుమ్మం పట్టుకుని మెల్లగా కిందికి జారి, అక్కడే కూలబడిపోయాడు. ఇన్ని దెయ్యాలను పుట్టించిన మనిషి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

రూపశ్రీకి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఎదురుగా వచ్చి నేలమీదే కూర్చుంది.

"నా పేరుతో ఎందుకు సెప్పినావు ఆ కథ? ఫోనెందుకు తియ్యవు?"

"ఊరందర్నీ సంపినారు. నన్ను నేనే సంపుకున్నా. మీకేం?"

"వాళ్ళెవరికీ ఏం కాలా!" అని అరిచాడు. "మాయమ్మను రాసినా. నన్నూ రాయరా అని పోరు పెట్టింది. మిద్దెమింద అప్పడాలు ఎండేసి దిగతా మెట్లమింద జారినట్టు రాసినా. 'ఈ కథలో దేవకమ్మ నాకంటే గడుసుదిరా' అని పడీపడీ నవ్వింది. నెల తిరక్కుండా అట్నే పోయింది. అవే మెట్లు. అప్పడాలు ఎండతానే ఉండాయి."

బయట వాన ఇంకా పెద్దదైంది.

"నేను రాసినందుకు కాదులే అని అందరూ సెప్తారు. నాకూ తెలుసు. అయినా కావాల్సినోళ్ళను రాయాలంటే సెయ్యి రాదు. మా నాయన్ను రాయలా. మా సెల్లెల్ని రాయలా." అతను తలెత్తలేదు. "నిన్ను రాయలా."

ఆ వరసలో తానూ ఉన్నానని రూపశ్రీకి అర్థమైంది. నిన్నటి నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"మరి సరిపోనంటిరే?"

"అబద్ధం సెప్పినా."

"ఇప్పుడా సెప్పేది? చిత్తూరోళ్ళను రమ్మనేసినా!"

"అదే మంచిది రూపా. నాతో ఉంటే నీకేం సుఖం? ఫోనెత్తకుంటే పోయినావనుకుంటా. వానొస్తే బయం. మెట్లెక్కితే బయం. దినామూ ఇదే బతుకు నాది. ఇది తగ్గేది కాదు."

ఆమె ఓదార్చబోలేదు. ఉన్నమాటే చెప్పింది. "నాకేమంటే బయమో ఎవురూ అడగలా. ఎవురి మనసులోనూ లేకుండా పోతానని బయం. నిన్నంతా అట్నే సచ్చినా నేను."

మునిరామయ్య తువ్వాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఎప్పటినుంచి వింటున్నాడో తెలియదు. తువ్వాలు యోగానంద తలమీద వేసి, "చిత్తూరుకు నేనింకా ఫోన్ సెయ్యలేదులే. మీ ఏడుపులైనాక సెప్పండి, ఏమనాల్నో," అని వెళ్ళిపోయాడు.

ఇద్దరికీ ఆ కన్నీళ్ళలోనే నవ్వొచ్చింది, వచ్చినంత తొందరగానూ పోయింది.

రూపశ్రీ చెయ్యి చాచి మైకు తీసుకుంది. ఆన్ చెయ్యలేదు. "యోగానందగారూ, చివరి ప్రశ్న. మీకేమంటే భయం?"

"నువ్వు లేకుండా పోతావేమోనని."

"అయితే నన్నెప్పుడు చంపుతారు?"

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తడబడుతూ అన్నాడు. "సంపలేను. దెయ్యంగా పెడతా. దెయ్యానికి మళ్ళీ సావుండదు కదా. అంతకంటే బద్రమైన సోటు నా కథల్లో ఇంకోటి లేదు."

"ఎవుర్ని పట్టుకోవాల నేను?"

"నన్నే. వదిలిపెట్టొద్దు."

"నాయనా!" అని రూపశ్రీ గదిలోంచే కేకేసింది. "వద్దని సెప్పెయ్!"

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. అది ఇవాళ్టితో ఆగే వణుకు కాదని ఆమెకు తెలుసు. అయినా వదల్లేదు.