పేరు విప్పని పడవ

ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. నిమిషం తర్వాత మళ్ళీ మోగింది. ఎనిడ్ క్వాషీ కోకో టీ కప్పు బల్ల మీద పెట్టి, లేచి ఆఫీసు తలుపు గడియ వేసింది.

"క్వాషీ హాలిడేస్, హిల్స్‌బరో. గుడ్ మార్నింగ్."

"గుడ్ మార్నింగ్ అమ్మా. రెండు దీవులు, నాలుగు రోజులు. ఏ హడావుడీ లేకుండా హాయిగా గడిచిపోవాలి."

"లాంబీ సూప్ కావాలా, చేపల సూప్ కావాలా?"

"లాంబీయే. మిరపకాయ వద్దు."

కోడ్‌వర్డ్ సరిపోయింది. ఫోన్ చేసింది గ్రెనడా నుంచి గూఢచారి శాఖ కల్నల్ థాడియస్. క్యారియకూ దీవి మెయిన్ స్ట్రీట్‌లో యాభై ఒక్కేళ్ళ ఎనిడ్ అంటే టూరిస్టులకి గదులూ పడవలూ కుదిర్చిపెట్టే మనిషి. కల్నల్ ఫైల్లో మాత్రం ఆమె పేరు 'లాంబీ', అంటే శంఖునత్త. ఆ రెండో పేరుతో ఎవరూ పిలవక మూడేళ్ళయింది.

"సార్, నేను మానేశానని చెప్పానుగా," అంది ఎనిడ్.

"చెప్పావు. నేను విన్లేదు. హాకోన్ టోర్‌గెర్సన్ అని నార్వే ఇంజినీరు. హెరాన్ ముఠాకి పదేళ్ళు ఆయుధాలు తయారుచేసి పెట్టాడు. సోమవారం కోర్టులో నోరు విప్పుతున్నాడు. ఈలోపు వాళ్ళు అతని నోరు మూయించాలి, మనం కాపాడాలి. ఏ సేఫ్‌హౌస్‌లో పెట్టినా పసిగట్టేస్తున్నారు. అందుకే సెలవులకొచ్చిన టూరిస్టులా నీ దగ్గరికి పంపుతున్నా. తోడు సోలాంజ్ దువాల్ వస్తుంది, ప్యారిస్ ఏజెంటు. భార్యలా నటిస్తుంది. రోజువారీ ప్లాన్ రాసి నాకూ ఆమెకీ పంపు."

"సార్, టొబేగో మర్చిపోయారా?"

మూడేళ్ళ కిందట టొబేగోలో ఒక సాక్షికి ఎనిడ్ ప్లాన్ చేసిన ఉదయపు ఫలహారమే అతని ఆఖరి ఫలహారమైంది. ఆ రోజు నుంచీ ఎవరైనా ఆమె ఎదురుగా కాఫీ కప్పు ఎత్తితే చాలు, గుండె దడదడలాడేది.

"మర్చిపోలేదు. అందుకే నిన్నడుగుతున్నా. ఈసారి నువ్వు రెండింతలు భయపడతావు," అన్నాడు కల్నల్, ఫోన్ పెట్టేస్తూ.

ఎంత మంచి మాట చెప్పాడో మహానుభావుడు! ఎనిడ్ కాగితం తీసుకుని పెన్సిల్ పట్టుకుంది. చెయ్యి వణకడం ఎవరికీ కనిపించకుండా ఉండాలంటే ఆమెకి పెన్సిల్ ఒక్కటే దారి.

గురువారం మధ్యాహ్నం ఫెర్రీ దిగిన జంటని చూసి జెట్టీ మీద చేపలమ్మే ఆడవాళ్ళు బేరాలాపేశారు. ఆయనకి అరవై దాటాయి, పూల చొక్కా, గీసేసిన గడ్డం. ఆవిడకి ముప్ఫై, పసుపుపచ్చ గౌను, నల్ల కళ్ళద్దాలు, చంకలో బుల్లి తోలు సంచి.

"ఆ తాతకి ఈ పిల్ల ఎలా పడిందే?" అని ఒకామె పైకే అనేసింది.

"ప్రార్థన చేసుంటాడు," అంది రెండో ఆమె.

ఎనిడ్ వాళ్ళని బీచ్ పక్కన ఒక చిన్న ఇంట్లో దింపి, బల్ల మీద ప్లాన్ పరిచింది. శుక్రవారం సాండీ ఐలాండ్‌లో ఈత. శనివారం విండ్‌వర్డ్ ఊళ్ళో కొత్త పడవని నీళ్ళలోకి దింపే పండగ. ఆదివారం చిన్న దీవి పెటీట్ మార్టినిక్, అక్కణ్ణించి కోర్టుకి కోస్ట్ గార్డ్ పడవ.

"పడవ పండగలో మీరే గాడ్‌ఫాదర్, పడవకి పెద్దదిక్కు," అంది ఎనిడ్. "జెండా చుట్టి కట్టేసి ఉంటుంది. తాడు లాగితే విచ్చుకుంటుంది. పడవ పేరు దాని మీదే. ఊరంతా ఉంటుంది కాబట్టి అంతకన్నా క్షేమమైన చోటు లేదు."

హాకోన్ నవ్వలేదు. "వాళ్ళు తుపాకీ పేల్చరు అమ్మా. అది నాకన్నా బాగా ఎవరికీ తెలీదు. కలం అంత గొట్టం, లోపల స్ప్రింగు, స్ప్రింగుకి సూది. దారం లాగితే చాలు. డాక్టర్లు గుండెపోటని రాస్తారు. అది తయారుచేసింది నేనే." అరచేతులకేసి చూసుకున్నాడు. "పదకొండు మందికి గుండెపోటని రాశారు. ఆ పదకొండు పేర్లూ సోమవారం నేనే చెప్పాలి. ఆ తర్వాత చచ్చినా ఫర్లేదు. కానీ ముందు కాదు, అమ్మా. ముందు కాకూడదు."

సోలాంజ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "నేనున్నాగా డార్లింగ్," అంది.

ఎనిడ్ ఒక గడ్డి టోపీ ఆయన తల మీద పెట్టింది. అంచులో వేలి గోరంత రిసీవర్ ఉంది. "ఇది కల్నల్ గారు పంపిన పరికరం. నా వాచీలో మాట్లాడితే మీ చెవిలో వినిపిస్తుంది. 'జాజికాయ' అనే మాట ఎక్కడ విన్నా సరే, చేస్తున్న పని వదిలేసి రెండు చేతులూ పైకెత్తేయండి. ఎందుకని అడక్కండి."

శుక్రవారం సాండీ ఐలాండ్‌కి వాళ్ళకన్నా ముందే ఒక బూడిదరంగు యాట్ వచ్చి లంగరేసి ఉంది. డెక్ మీద ఒకడు బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడ్డాడు. ఎనిడ్ నోరెత్తకుండా పడవ తిప్పించి, అప్పటికప్పుడు ప్లాన్ మార్చి, దీవి దక్షిణం వైపు చిన్న ఇసుక తీరానికి తీసుకెళ్ళింది. గంట తిరక్కుండా అదే యాట్ అక్కడికీ వచ్చింది.

మార్చిన ప్లాన్ ఎనిడ్ కల్నల్‌కి మెసేజ్ పెట్టింది. సోలాంజ్‌కి పక్కనే చెప్పింది. ఇంకెవరికీ తెలీదు. ఇద్దరిలో ఒకరు! ఇరవై ఏళ్ళుగా తనని నడిపించిన కల్నల్ అమ్ముడుపోయాడా? పోనీ సోలాంజా అంటే, చంపాలనుకుంటే ఒకే ఇంట్లో ఉండి ఈపాటికే చంపేసేది కదా?

ఆ సాయంత్రం విండ్‌వర్డ్‌లో సెప్టిమస్ మెక్‌ఫార్లేన్ దగ్గరికి వెళ్ళింది. డెబ్బై రెండేళ్ళ ఆ ముసలాయన తన చేతుల్తో మూడేళ్ళు కట్టిన పడవ ఇసుకలో కర్రల దన్ను మీద నిలబడి ఉంది. వెనకవైపు చెక్క మీద పేరు రాయాల్సిన చోటు బోడిగా ఉంది.

"బాబాయ్, పేరేంటో నాకొక్కదానికీ చెప్పకూడదూ?"

"ఫో అవతలికి! మా అమ్మ బతికొచ్చి అడిగినా చెప్పను," అన్నాడు సెప్టిమస్. "నాకు తెలుసు, జెండా కుట్టిన మీ మేబెల్ పిన్నికి తెలుసు. అంతే. జెండా విప్పకముందు పేరు బయటికొచ్చిందా, ఆ పడవ నేనెక్కను."

ఇంట్లో, చుట్టిపెట్టిన జెండా పక్కనే కూర్చుని మేబెల్ పిన్ని పండగ బియ్యం ఏరుతోంది. "మీ ప్యారిస్ పిల్ల మంచిదేనే. పొద్దున్న ఈత నుంచి రాగానే వచ్చి, అన్నం ముద్దలు చుట్టడం నేర్పమని నా ప్రాణం తీసింది. నేను నీళ్ళు తెచ్చేలోపు ఇల్లంతా సర్దేసింది కూడానూ!"

ఎనిడ్ నవ్వేసి ఊరుకుంది. ఆ నవ్వు తలుచుకుని తర్వాత ఎన్నాళ్ళో తనని తాను తిట్టుకుంది.

శనివారం పదకొండుకి బీచ్ కిక్కిరిసిపోయింది. డోళ్ళు, ఫిడేలు, రమ్ము సీసాలు, పెద్ద పళ్ళేల్లో అన్నం ముద్దలు. ఫిడేలు వాయించేవాడు గ్రెనడా నుంచి వచ్చిన కానిస్టేబుల్ రూపర్ట్. ఆ సంగతి తెలిసింది ఎనిడ్‌కి ఒక్కదానికే. పడవ ముక్కు మీద కర్రకి జెండా చుట్టి కట్టి ఉంది. కింద హాకోన్ తాడు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మూడో దన్ను కర్ర తెగగానే లాగాలి. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆయన మొహంలో నవ్వు కనిపించింది.

పాదిరీగారు నీళ్ళు చల్లి ప్రార్థన మొదలుపెట్టారు. ఆ తర్వాత దన్ను కర్రలు నరికే గొడ్డళ్ళ వాళ్ళు ముందుకొచ్చారు.

ఎనిడ్ పక్కన నిలబడ్డ సోలాంజ్ కళ్ళద్దాలు పైకి జరుపుకుని నిట్టూర్చింది. "ఎంత ముద్దుగా ఉందో మీ ఫిలోమినా! నీళ్ళలోకి దిగాక ఇంకెంత బాగుంటుందో."

"ఫిలోమినా ఎవరు?"

"అదే, పడవ."

గొడ్డలి మొదటి కర్ర మీద పడింది.

ఎనిడ్ మొహం మీద నవ్వు అలాగే ఉంచింది. ఉంచడానికి ఎంత కష్టపడిందో దేవుడికే తెలియాలి. సోలాంజ్ కుడిచెయ్యి తోలు సంచిలో ఉంది. ఎనిడ్ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా సెప్టిమస్ దగ్గరికి నడిచింది.

"బాబాయ్, పడవ పేరు ఫిలోమినానా?"

ముసలాయన మొహం పాలిపోయింది. "మా అమ్మ పేరది! ఎవరు చెప్పారే నీకు?"

చాలు. జెండా విప్పి చూసినవాళ్ళకి తప్ప ఆ పేరు తెలియదు. నిన్న పిన్ని నీళ్ళకెళ్ళినప్పుడు విప్పి, లోపల ఆ సూది గొట్టం పెట్టి, మళ్ళీ చుట్టేసింది. ఇంట్లో చంపితే అనుమానం సోలాంజ్ మీదికి వస్తుంది. ఊరందరి ఎదుట, ఎండలో, హాకోన్‌కి గుండె ఆగిపోతే ఆమె నల్లగౌను వేసుకుని ఏడిస్తే సరిపోతుంది.

"గొడ్డళ్ళు ఆపించు బాబాయ్!"

"పిచ్చా నీకు? ఒక కర్ర తెగాక ఆపితే బరువంతా మిగతా వాటి మీద పడి పడవ మెలి తిరుగుద్ది. కిందున్న వాళ్ళు నుజ్జయిపోతారు!"

రెండో కర్ర ఫెళ్ళుమంది.

"అయితే ఆ పసుపు గౌనావిణ్ణి పడవని నీళ్ళలోకి లాగే తాడు ముందు నిలబెట్టించు. రెండు చేతులూ తాడు మీదే ఉండాలి. తర్వాత చెప్తా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

ఎనిడ్ ఎప్పుడూ ఎవరి కాళ్ళూ పట్టుకోదని సెప్టిమస్‌కి తెలుసు. ఆయన గొంతెత్తాడు. "గాడ్‌ఫాదర్ భార్య ఎక్కడే? తాడు ముందుండాలి ఆవిడ! తీసుకురండే!"

విండ్‌వర్డ్ ఆడవాళ్ళకి రెండోసారి చెప్పాల్సిన పని లేదు. నలుగురు సోలాంజ్‌ని చుట్టుముట్టారు. "రా తల్లీ, సిగ్గుపడకు!" "సంచి మెళ్ళో వేసుకో!" "గట్టిగా పట్టుకో, వదిలితే పడవకి కీడు!" ఆమె వేళ్ళ మీద ఒకామె వేళ్ళు, ఆ వేళ్ళ మీద ఇంకొకామె వేళ్ళు బిగుసుకున్నాయి. వెనక వందమంది.

ఎనిడ్ వాచీ నోటి దగ్గర పెట్టుకుంది. "జాజికాయ! జాజికాయ!"

హాకోన్ కదల్లేదు. అప్పుడు చూసింది. ప్రార్థనప్పుడు మర్యాదగా టోపీ తీసేశాడు పెద్దమనిషి. అది ఆయన చంకలో ఉంది.

"జాజికాయ!" అని గొంతు చించుకుని అరిచింది. డోళ్ళ మోతలో ఎవరికీ వినపడలేదు. మూడో కర్ర మీద గొడ్డలి లేచింది. హాకోన్ తాడు బిగించాడు. టొబేగోలో కాఫీ కప్పు ఎత్తిన చెయ్యి ఆమె కళ్ళ ముందు కదిలింది. కాళ్ళు ఇసుకలో కూరుకుపోతున్నాయి. ఇరవై అడుగుల దూరం. అందదు.

పక్కనే మేబెల్ పిన్ని పళ్ళెం పట్టుకుని ఉంది. ఎనిడ్ ఒక అన్నం ముద్ద తీసుకుని, చిన్నప్పుడు మామిడికాయల మీద రాళ్ళు విసిరినట్టే విసిరింది.

ముద్ద సరిగ్గా హాకోన్ చెవి మీద పగిలింది. ఆయన అదిరిపడి ఇటు తిరిగాడు. ఎనిడ్ పెదవులు చదివాడు. తాడు వదిలేసి, మొహం నిండా అన్నంతో రెండు చేతులూ పైకెత్తాడు.

మూడో కర్ర తెగింది. పడవ మెల్లగా పక్కకి ఒరిగి దుంగల మీద వాలింది. "లాగండోయ్!" అన్నారంతా ఒక్కసారి. వందమంది తోపుకి సోలాంజ్ గౌనుతో సహా నడుం లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. పడవ తేలాకే ఆడవాళ్ళు ఆమె చేతులు వదిలారు. అప్పటికి ఎనిడ్ సైగ చూసి, ఫిడేలు ఇసుకలో పెట్టి, రూపర్ట్ ఆమె పక్కనే ఉన్నాడు. బేడీలు చప్పున పడ్డాయి. తోలు సంచిలో పిస్తోలు తడిసి ముద్దయింది.

"ఎలా తెలిసింది?" అని అడిగింది సోలాంజ్, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా.

"నువ్వే చెప్పావుగా తల్లీ," అంది ఎనిడ్.

అందరినీ దూరం జరిపి, రూపర్ట్ జెండా కర్రని పడవ మీంచి తెచ్చి ఇసుకలో నిలబెట్టి, హాకోన్ నిలబడ్డ చోట ఇంకో కర్ర నాటి, పొడవాటి గెడతో జెండా తాడు లాగాడు. టక్‌మని చిన్న చప్పుడయింది. హాకోన్ ఎత్తు మనిషి మెడ ఉండాల్సిన చోట, ఎదురుగా నాటిన కర్రలో ఒక సన్నటి సూది దిగబడి ఉంది. హాకోన్ దాన్ని చూసి ఇసుకలో కూలబడి బావురుమన్నాడు. ఎనిడ్ ఆయన పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"సోమవారం పదకొండు పేర్లూ చెప్తాను," అన్నాడాయన.

సెప్టిమస్ మాత్రం గొణుగుతూనే ఉన్నాడు. "జెండా కన్నా ముందే పేరు బయటికొచ్చింది. ఇప్పుడెక్కాలా వద్దా?" మేబెల్ పిన్ని ఆయన్ని కసిరింది. "మీ అమ్మ పేరు ఒక ప్రాణం నిలబెట్టింది. ఎక్కవయ్యా!" ఎక్కాడు.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ రెండుసార్లు మోగి ఆగి మళ్ళీ మోగింది.

"చెప్పాడు. పదకొండూ చెప్పాడు," అన్నాడు కల్నల్. "ఆ సోలాంజ్‌ని నమ్మింది నేనే. నువ్వు నన్ను అనుమానించావు కదూ?"

"ఒక రోజంతా, సార్."

"మంచిదే. ఇక నువ్వు నిజంగానే సెలవు తీసుకో. నాలుగు రోజులు, రెండు దీవులు, హాయిగా. ప్లాన్ రాసి నాకొక కాపీ పంపు."

ఎనిడ్ పెన్సిల్ కోసం చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. చెయ్యి వణకడం లేదు.

"సెలవు తీసుకుంటాను సార్. ప్లాన్ మాత్రం ఈసారి ఎవరికీ చెప్పను, నాక్కూడా," అని ఫోన్ పెట్టేసి, కోకో టీ చల్లారకముందే తాగేసింది.