కమలాపురం లైను

కల్లూరులో షేర్ ఆటోల రొద సన్నగిల్లే సాయంత్రం, మగ్రిబ్ నమాజు వేళ. ఫిరోజా ముందుగదిలో రూటర్ దగ్గర కూర్చుంది. ఆమెకు ఏడో నెల. భర్త నిస్సార్ ఎండాకాలంలో లారీ కింద పడి చనిపోయాడు. కాన్పయ్యేదాకా ఇద్దత్, భర్త పోయిన ఆడమనిషి ఇంట్లో పాటించే గడువు. గడప దాటకూడదు. అందుకని ఆమె పనిచేసే బండల ఫ్యాక్టరీ వాళ్లు ఆఫీసు ఫోనూ రూటరూ ఆమె ఇంట్లోనే పెట్టించారు.

ఫ్యాక్టరీకి కమలాపురంలో ఒక బ్రాంచి ఉండేది. అక్కడి రూటర్ నిస్సార్ చూసేవాడు, ఇక్కడిది ఫిరోజా. రెంటి మధ్య ఇంటర్నెట్‌లోనే బయటివాళ్లకు కనపడని దారి ఒకటి వేసుకున్నారు. వీపీఎన్ టన్నెల్. రెండువైపులా ఒకే రహస్యపదం కొడితేనే అది తెరుచుకుంటుంది. పదం మార్చినప్పుడల్లా ఆమె ఫోన్లో చదివేది, అతను అక్కడ కొట్టేవాడు.

"నిదానంగా చెప్పమ్మే. నేనేమన్నా నీ మాదిరి ఏసీ కింద కూసోనుండానా?" అనేవాడు.

ఇప్పుడా బ్రాంచి మూసేశారు. అక్కడి రూటర్ అట్టపెట్టెలో ఆమె మంచం కింద ఉంది.

సెల్ మోగింది. మేనేజర్ పరమేష్.

"ఫిరోజమ్మా, ఆ కమలాపురం లైను తీసేయ్ తల్లీ. దాని జాగాలో కోడుమూరుది పెట్టల్ల."

"ఈ పొద్దే తీసేస్తా అన్నా."

కంప్యూటర్‌లో ఆ లైను తెరిచింది గానీ, తీసేసే బటన్ మీదే వేలు ఆగిపోయింది. పుట్టిన బిడ్డ చెవిలో తండ్రి అజాన్, నమాజు పిలుపు, వినిపించి, పేరు చెప్పాలి. ఈ బిడ్డకు ఎవరు చెప్తారు? పేరు ఆమె మనసులోనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. నిస్సార్ ఒక్కడికి తెలిస్తే చాలనుకుంది. పాత పదం చెరిపి, అలవాటుగా అక్షరం అక్షరం పైకి చదువుతూ, ఆ పేరు కొట్టింది.

"ఎవురితో మాట్లాడ్తాండావే?" వంటింట్లోంచి అత్త షంషాద్ బీ.

"ఎవురూ లేరత్తా."

తెర మీద ఎర్ర గుర్తు పచ్చబడింది.

కనెక్ట్ అయింది.

వంగి అట్టపెట్టె లాగింది. కమలాపురం రూటర్ లోపలే ఉంది. వైర్లు చుట్టినవి చుట్టినట్టే. తాకితే చల్లగా ఉంది...

గదిలో తడిసిన బండపొడి వాసన. నిస్సార్ చొక్కాల వాసన.

ఆఫీసు ఫోను మోగింది. దాని తెర మీద... కమలాపురం.

"నువ్వేనా?" గుసగుసగా అడిగింది.

గాలి చప్పుడు. తర్వాత అతని గొంతు. మెల్లగా, చెవి పక్కనే నోరు పెట్టినట్టు, అజాన్. చివర బిడ్డ పేరు.

ఫిరోజా ఏడుస్తూ వంటింటి వైపు రిసీవర్ చాపింది. షంషాద్ బీ పరుగున వచ్చి అందుకుంది.

"నాయనా... బువ్వ తిన్యావా?"

 ముసలామె రిసీవర్ చెవికి అదిమి పట్టుకుంది. 

"ఫిరోజా... ఆడ పసిబిడ్డ ఏడుస్తాండాది గదే. ఎవురి బిడ్డ?"

ఫిరోజా చెయ్యి పొట్ట మీదికి పోయింది. ఒత్తి చూసింది. ఇంకోపక్క ఒత్తింది.

మళ్లీ ఒత్తింది... లోపల బిడ్డ కదలడం లేదు.

ఫోన్లో ఏడుపు ఆగింది. ఎవరో నిదానంగా జోకొడుతున్న చప్పుడు.