అమ్మ కోటు

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. సల్తనత్ తల్లి కోటు తొడుక్కుని, తల్లి రుమాలు కనుబొమల దాకా లాగి కట్టుకుని పశువుల పాకలోకి వెళ్ళింది. తెల్లతల ఆవు ఆ కోటు వాసన చూసి, నువ్వేలే అన్నట్టు మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. సల్తనత్ ముందు దూడని విడిచి, ఆవు చేపాక దాన్ని పక్కకి లాగి కట్టి, బకెట్ దగ్గరికి జరుపుకుంది.

నెల రోజులుగా సాగుతున్న దొంగాట ఇది. తల్లి జూరకాన్ వేళ్ళు చలికాలంలో కొయ్యబారిపోయాయి. తక్కిన మూడు ఆవులూ ఎవరు కూర్చున్నా పాలిస్తాయి గానీ, తెల్లతల మహా పెంకిది. జూరకాన్ కోటు కనబడకపోతే చుక్క రాల్చదు. తండ్రి సదిర్‌కుల్‌కి వేళ్ళ సంగతి తెలిస్తే ఆవులన్నిటినీ సంతకి తోలేస్తాడని తల్లీకూతుళ్ళు ఈ వేషం కట్టారు. పశువైద్యం చదివి నిరుడు ఊరికి తిరిగొచ్చిన సల్తనత్‌కి ఈ పాకలోనే బతకాలని ఉంది. ఆయనకేమో కూతురు రాజధాని బిష్కెక్‌లో మందుల దుకాణంలో తెల్లకోటు వేసుకుని నిలబడాలని ఉంది.

వెనక అడుగుల చప్పుడైంది.

"ఏమే ముసలీ," అన్నాడు సదిర్‌కుల్. "కర్ర పక్కింటి గుమ్మానికి ఆనించేశాను."

సల్తనత్ తల తిప్పకుండా పిండుతూనే ఉంది. ఊరి మందని రోజుకో ఇంటివాళ్ళు కొండకి తోలాలి. వంతు కర్ర ఎవరి గుమ్మానికి ఉంటే ఆ రోజు మంద వాళ్ళది. ఇవాళ వీళ్ళ వంతు. తోలకుండా కర్ర దాటించారంటే ఆ ఇంట్లో ఇక పశువులుండవని ఊరంతటికీ చెప్పినట్టే.

"ఆదివారం సంతకి తోలేస్తా. తిట్టకు. టీ గిన్నె రెండు చేతులా పట్టుకోవడం నేను చూళ్ళేదనుకున్నావా? పేడ కంపంటే సిగ్గని పిల్లమీద అరుస్తున్నానా, సిగ్గూ లేదు, పాడూ లేదు. నీ వేళ్ళు చూస్తే కడుపు తరుక్కుపోతోందే. ఆ చేతులు దానికి రాకూడదు. దాంతో మాత్రం అనకు."

బకెట్‌లో పాలధార ఆగిపోయింది.

"ఆ మాట నాతోనే అనొచ్చుగా నాన్నా," అంది సల్తనత్ రుమాలు వెనక్కి తోసి.

సదిర్‌కుల్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నువ్వా! మీ అమ్మేది?"

"లోపల రొట్టెలు కాలుస్తోంది. నెలనుంచీ పిండుతున్నది నేనే."

"తల్లీకూతుళ్ళు కలిసి నా కళ్ళకి గంతలు కడతారా? నిన్ను చదివించింది పేడ ఎత్తడానికా?"

"పశువుల చదువు చెప్పించి పశువుల దగ్గరికి రావద్దంటే ఎలా? ఈత నేర్పి ఏట్లో దిగొద్దన్నట్టుంది!"

అరుపులకి జూరకాన్ పిండి చేతులతోనే వచ్చింది. "మెల్లిగా, ముసలోడా. ఆవు బెదురుతుంది."

"నువ్వు మాట్లాడకు! ఈ ఊళ్ళో ఏ కుర్రకుంకకైనా ఆవులంటే ఆసక్తి ఉందా? దీనికే ఎందుకంట?"

"ఎలా ఉంటుంది నాన్నా?" సల్తనత్ లేచి నిలబడింది. "ఇది నీది అని ఎవరైనా ఒక్క దూడ చేతికిచ్చారా? తాత నీకు ఏడో ఏటే దూడనిచ్చాడు, అందుకే నీకు ప్రాణం. కొడుకు వేరుపడితే వాటా ఇస్తారు. కూతురికి పెట్టే, పరుపులూ ఇచ్చి సాగనంపుతారు. తనది కానిదాని మీద ఎవరికి మనసవుతుంది? నాకైంది, అదీ తప్పేనా?"

"మరి చేతులో?"

"ఇవిగో." చేతులు చాపింది. "గోరువెచ్చని నీళ్ళు వాడుతున్నా, వెన్న రాస్తున్నా. అమ్మ చేతుల్ని పాడుచేసింది ఆవులు కాదు నాన్నా. ముప్పై ఏళ్ళు నాలుగావుల్నీ ఒక్కతే పిండింది. ఒక్కపూటైనా నువ్వు కూర్చున్నావా?"

మగవాడు పొదుగు కింద కూర్చోవడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. సదిర్‌కుల్ కూతురి మెత్తని చేతులు చూశాడు, భార్య వంకరపోయిన వేళ్ళు చూశాడు. బయటికి నడిచాడు.

కాసేపటికి కర్ర భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. "పక్కింటావిడ నవ్వింది. నవ్వనీ. ఇవాళ మంద నేనే తోలతా." పలుపు విప్పి తెల్లతల దూడని కూతురి చేతిలో పెట్టాడు. "ఇది నీ వాటా. కొడుకుంటే ఇచ్చేవాణ్ణి. ఉన్నది నువ్వు, నీకే ఇస్తున్నా."

సల్తనత్ ఆ పలుపు ముఖానికి అదుముకుని ఏడ్చేసింది.

పొద్దు వాలుతుంటే మంద దిగింది. ఏ ఇంటి ఆవు ఆ ఇంట్లోకి తిరిగింది. దుమ్ము కొట్టుకుపోయిన సదిర్‌కుల్ కర్రని పక్కింటి గుమ్మానికి ఆనించాడు. ఈసారి వంతు తీర్చుకునే ఆనించాడు. తిన్నగా పాకలోకొచ్చి, "ఇటివ్వు ఆ కోటు," అన్నాడు.

కోటు భుజాల దగ్గర పిగిలింది. రుమాలు గడ్డం కింద ముడివేసుకుని ఆయన పీట మీద కూలబడ్డాడు. తెల్లతల వెనక్కి తిరిగి చాలాసేపు చూసింది.

"గట్టిగా లాగకు," అంది జూరకాన్. "పైనుంచి కిందికి, వేలు తర్వాత వేలు."

మొదటి ధార గడ్డం మీద పడింది. రెండోది బకెట్ అడుగున టంగుమంది. జూరకాన్ నవ్వి నవ్వి, ఆ వంకర వేళ్ళతోనే కళ్ళు తుడుచుకుంది.

"ముప్పై ఏళ్ళు ఆలస్యమైందే," అన్నాడు సదిర్‌కుల్, ఆవు డొక్కకి నుదురు ఆనించి.

"రేపు పొద్దున్నే మళ్ళీ పిండాలి," అంది జూరకాన్. "పెందలాడే లే."