బుక్కయ్యకు పళ్లు లేవు

ముప్పై ఒక్క చోట్లకు పంపాను నేను వేసిన బొమ్మల్ని. టీవీ చానెళ్లకు, కార్టూన్లు చేసే కంపెనీలకు, చివరికి పెళ్లి వీడియోల మీద పూలు కురిపించేవాడికి కూడా. ఇరవై ఆరు మంది అసలు జవాబే ఇవ్వలేదు. నలుగురు ఖాళీల్లేవన్నారు. ఒకడు మాత్రం, ఇంటర్న్‌షిప్ కావాలంటే నేనే ఎదురు డబ్బు కట్టాలన్నాడు. ఛీ అనిపించింది.

యానిమేషన్ కోర్సులో నాది చివరి ఏడాది. ఎక్కడైనా నెల రోజులు పని చేసినట్టు సర్టిఫికెట్ తేకపోతే డిగ్రీ చేతికి రాదు, ఇంకో ఏడాది కూర్చోవాలి. ఆ ఒక్క కాగితం కోసం ఏం చేయమన్నా చేసేలా ఉన్నాను అప్పట్లో. చేశాను కూడా.

శంషాబాద్ షెడ్డు సంగతి చెప్పింది మా సీనియర్ ఆఫియా. తనది జల్‌పల్లి. ఒక చానెల్ కోసం మట్టి బొమ్మలతో పిల్లల సీరియల్ తీస్తున్నారని, తనూ అక్కడే చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నానని ఫోన్లో చెప్పింది.

"మంచిగనే ఉంటది లతా. పని నేర్పిస్తరు." తర్వాత గొంతు తగ్గించింది. "టిఫిన్ డబ్బా మాత్రం తీస్కపోకు."

"ఎందుకక్కా?"

"ఊకెనే... అక్కడ ఆకలి కాదు."

నవ్వేశాను. డబ్బా లేకుండా గడప దాటనిస్తే ఆమె మా అమ్మెందుకవుతుంది? తుక్కుగూడ నుంచి శంషాబాద్ దాకా రోజూ బస్సులో నా ఒళ్లో డబ్బా ఉండాల్సిందే.

ఎయిర్‌పోర్టు గోడకు కొంచెం దూరంలో, గోదాముల వరసలో చివరిది ఆ షెడ్డు. రేకుల కప్పు. లోపల నల్లగుడ్డలు కట్టి గదిలా చేశారు. బయటి వెలుతురు పడితే ఫోటోలు పాడవుతాయి కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా అందులో కటిక చీకటే. నడుమ ఒక బల్ల, ఒక లైటు. లైటు కింద మట్టితో చేసిన బుల్లి వంటగది, అందులో జానెడు బొమ్మ. వాడి పేరు బుక్కయ్య. కథలో వాడు తిండిపోతు పిల్లాడు, ఏది కనిపించినా బుక్క పెట్టేస్తాడు.

బొమ్మను వెంట్రుకవాసి కదపాలి, ఫోటో తీయాలి. మళ్లీ కదపాలి, మళ్లీ ఫోటో. సెకనుకు పన్నెండు. నెత్తి మీద విమానం దిగుతుంటే రేకులూ బల్లా అదురుతాయి. అది పోయేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

నాకు మొదటి రోజే గిట్టనిది అక్కడి వాసన. నూనె కలిపిన బొమ్మల మట్టి వాసన నాకు కొత్త కాదు. దాని అడుగున ఇంకోటి ఉంది. పొద్దున లేచి ఇంకా కడుక్కోని నోటి వాసన.

బొమ్మలు చేసేది కుర్మయ్య. అరవై దాటాయి. బాలాపూర్ పక్కన ముప్పై ఏళ్లు వినాయకులను చేసిన చేతులు. నాకు ఒక్క జాగ్రత్తే చెప్పాడు.

"అతుకు కనవడ్తే గీ పౌడర్ అద్దుకొని రుద్దు బిడ్డా. మట్టికి ఎంగిలి మాత్రం తగలనియ్యకు."

"నేనేమన్న నాకుతనా తాతా?"

"అందరు గట్లనే అంటరు."

బుక్కయ్య నోళ్లన్నీ ఒక గళ్ల పెట్టెలో ఉంటాయి. నవ్వే నోరు, ఏడ్చే నోరు, మూసిన నోరు, ఇలా ఇరవై దాకా. అవసరాన్ని బట్టి ఒకటి పీకి ఇంకోటి అతికించాలి. ఏ నోట్లోనూ పళ్లు లేవు. ఎందుకని అడిగితే కుర్మయ్య మట్టి పిసుకుతూనే, "పండ్లు నేను వెట్ట," అన్నాడు.

మూడు వారాలు బాగానే గడిచాయి. నాలుగో వారంలో పని తొందర పెరిగింది. నాకో పాడు అలవాటుంది. పుస్తకంలో పేజీ తిప్పాలన్నా బొటనవేలు నాలుక మీదికి పోతుంది. ఆ రోజు నోరు మార్చాక బుక్కయ్య చెంప మీద అతుకు గీత కనిపించింది. పౌడర్ డబ్బా అందలేదు. వేలు తడి చేసి రుద్దేశాను. గీత మాయమైంది, చెంప నున్నగా వచ్చింది. నాకు ముచ్చటేసింది. ఎవరూ చూడలేదు కదా అని ఇంకో నాలుగుసార్లు అలాగే కానిచ్చాను.

మధ్యాహ్నం డబ్బా ముందేసుకున్నాను. పులిహోర. అమ్మ కట్టిన గుడ్డ ముడి వేసింది వేసినట్టే ఉంది, మూత బిగుతుగానే ఉంది. తీస్తే లోపల ఒక పక్క రెండు బుక్కల మేర అన్నం లేదు. మిగిలింది తడితడిగా ఉంది. చెంచాతో ఎత్తాను. తీగలు సాగింది... కరివేపాకు నమిలి ఉమ్మిన పిప్పిలా ఉంది.

బయటికి పరుగెత్తి గోడ పక్కన కక్కేశాను. కళ్లు తుడుచుకుని తిన్నగా కుర్మయ్య మీదికే పోయాను.

"నా డబ్బా ఎవరు ముట్టిన్రు తాతా? ఇంత అసయ్యమా? సిగ్గు లేదా మనుషులకు?"

అతనికి కోపం రాలేదు. డబ్బాలోకి చూసి, మెల్లగా అడిగాడు.

"ఎంగిలి తగిలిచ్చినవా?"

బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాను.

"ఎన్నిసార్లు?"

"ఐదు..."

"ఆ జల్‌పల్లి పిల్ల గూడ గిట్లనే షురూ జేసింది." తల అడ్డంగా ఊపాడు. "దేవునికి పెట్టేటిది ముందుగల్ల మనం రుచి సూడం. ఎందుకో ఎన్నడన్న సోంచాయించినవా? వీనికేమో మన నోటి రుచే సూపిస్తిమి. ఇగ ఇడ్వడు. రేపటి సంది రాకు బిడ్డా."

రాకు అనడానికేం, తేలికే. ఆ షెడ్డు యజమాని శ్రావణ్‌కుమార్ సార్ ఆ సాయంత్రమే వచ్చి నన్ను పిలిచాడు. "రేపు ఐదింటికల్లా ఆఖరి సీన్ చానెల్‌కు వెళ్లిపోవాలి శ్రీలతా. అది పూర్తి చెయ్యి, అక్కడికక్కడే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేస్తాను. లేదంటే నేనేం చేయలేను," అన్నాడు.

ఆఖరి సీన్‌లో బుక్కయ్య లడ్డూ తింటాడు.

మర్నాడు నేను వెళ్లేసరికి వాడి ముఖం అరికాలి మడమలా పగిలి ఉంది. పౌడర్ రుద్దాను. నూనె రాశాను. పగుళ్లు ఇంకా విచ్చుకున్నాయి. కుర్మయ్య వచ్చి చూసి, నల్లగుడ్డ అవతలికి పోయి కూర్చున్నాడు. టైము పదకొండు. ఇంకా రెండు వందల ఫోటోలున్నాయి. ముప్పై ఒక్క చోట్లా పొమ్మన్నాక దొరికిన ఒకే ఒక్క చోటు ఇది. ఛీ, ఛీ అనుకుంటూనే బొటనవేలు నోట్లో పెట్టుకున్నాను. ఈసారి అలవాటు కాదు. తెలిసే పెట్టుకున్నాను.

మట్టి మెత్తబడింది.

నాలుక. వేలు. మట్టి. ఫోటో. మళ్లీ నాలుక. పదోసారికి నా నోట్లో రుచి మారింది. పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. అయినా చింతపండు పులుపు... ఆవాలు... నమిలిన కరివేపాకు. నిన్నటి నా పులిహోరే. వాడి ముఖం మీంచి నా వేలికి, వేలి మీంచి నా నాలుకకు. వాంతి గొంతు దాకా వచ్చింది. బల్ల మీద పడితే సీన్ పాడవుతుంది. మింగేశాను.

అంతలో విమానం వచ్చింది. రేకులు గడగడలాడాయి. చేతులు ముడుచుకున్నాను. లైటు కింద బుక్కయ్య లడ్డూ ముందు నోరు తెరిచి నిలబడి ఉన్నాడు. బల్ల అదురుతోంది. వాడి కింది పెదవీ అదురుతోంది.

విమానం దిగిపోయింది. రేకులు ఆగాయి. బల్ల ఆగింది.

పెదవి... ఆగలేదు.

చప్... చప్...

పెదవి కొస నుంచి సన్నగా ఏదో కారింది. మెరుస్తూ లడ్డూ మీద పడింది.

"తాతా..." నల్లగుడ్డ వైపు తిరిగి పిలిచాను.

గుడ్డ అవతలి నుంచి గుసగుస. "సూడకు బిడ్డా. జల్ది కానిచ్చుకొని పో..."

చూడకుండా ఎలా? తెరిచిన నోరు పీకి మూసిన నోరు పెట్టాలి. చెయ్యి చాపాను. వేలు పెదవి దాటింది. లోపల వెచ్చగా ఉంది. మెత్తగా... తడిగా... వేలిని పట్టుకుంది. చీకింది. పసిపిల్లలు చీకినట్టే. లాక్కున్నాను. ఏడుస్తూ నోరు మార్చాను. ఏడుస్తూనే మిగతా ఫోటోలు తీశాను.

ఐదింటికి సార్ సంతకం పెట్టాడు. "ఆ నమలడం ఉంది చూశావూ, ఎంత సహజంగా వచ్చిందమ్మా!" అని మెచ్చుకున్నాడు. నేను కర్చీఫ్‌తో వేలు తుడుచుకుంటూనే ఉన్నాను.

సర్టిఫికెట్ కాలేజీలో ఇచ్చాను. డిగ్రీకి ఢోకా లేదు. కానీ ఆ రోజు నుంచి నాకు తిండి లేదు. కంచంలో అన్నం పెట్టుకుంటే ఒక పక్క తడిసి ఉంటుంది. కొత్త బిస్కెట్ ప్యాకెట్ చించితే అంచులు నానిపోయి ఉంటాయి. అదే గిన్నెలోంచి పెట్టుకున్న అమ్మ కంచంలో మాత్రం ఏమీ ఉండదు.

"ఏందే, కాయితం వచ్చినంక సంబురంగ తినాలె గని గిట్ల ఎండుకపోతున్నవ్?" అంటుంది అమ్మ. నా ఎంగిలి నేనే తినలేకపోతున్నానని ఎలా చెప్పను?

ఆదివారం మధ్యాహ్నం అమ్మ పక్కింటికి పోయింది. ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి. ఒక గుడ్డు ఉడకబెట్టుకున్నాను. చల్లారాక పెంకు చుట్టూ వేలితో తడిమి చూశాను. వెంట్రుకంత చీలిక కూడా లేదు. ఇందులోకి ఎలా వస్తాడో చూస్తానని కసిగా ఒలిచాను.

తెల్లసొన మీద కొరికిన గాటు. లోపల పసుపు కనిపిస్తోంది. చుట్టూ పళ్ల గుర్తులు. పాలపళ్లంత చిన్నవి.

బుక్కయ్యకు పళ్లు లేవు కదా...

ఆఫియాకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"గుడ్డు ఒల్చి సూసినవా?" అంది.

ఒళ్లు మండిపోయింది నాకు. "అన్నీ ఎరికె ఉండి నన్నెట్ల తోలినవక్కా?"

"నువ్వు పోతే నన్ను ఇడ్సిపెడ్తడనుకున్న." ఏడుస్తోంది. "మాఫ్ జెయ్ లతా. నాకప్పుడు రెండే పండ్లు కనవడుతుండె. నీకెన్ని?"

లెక్కపెట్టాను. పైన నాలుగు, కింద నాలుగు.

"ఎనిమిది."

ఆమె ఏడుపు ఆగిపోయింది. చప్పుడు మాత్రం వినిపిస్తోంది. చప్... చప్... తడితడిగా, తీరిగ్గా నములుతున్న చప్పుడు. నన్నింత చేసి, ఇప్పుడు తింటూ మాట్లాడుతోందా?

"ఛీ! ఏం తింటున్నవక్కా?"

"నేనా..." గుసగుసగా అంది ఆఫియా. "నేను నాలుగు దినాల సంది ఏం తింటలేను. నువ్వు తింటున్నవనుకున్న..."

ఫోన్ కుడి చెవి దగ్గరుంది. గుడ్డు నా ఎడమ చేతిలోనే ఉంది. చూశాను.

సగమే ఉంది.