చలువదాతకు ముహూర్తం

"ఈ బరువును నిలువుగా తీసుకువెళ్ళలేను. నా కప్పు ఎత్తు చాలదు" అంది స్వచాలి బండి. ఈ కాలపు బండ్లన్నీ తమంతట తామే నడుస్తాయి, తమంతట తామే మాట్లాడతాయి. మర్యాదకేం లోటు లేదు.

నూకరాజు తన వీధి చలువదాత వైపు చూశాడు. మనిషికంటే ఎత్తైన అద్దాల బీరువా అది. పొయ్యిలు, కొట్లు, ఆసుపత్రులు పోయి, వీధికొక చలువదాత మిగిలింది. అరచెయ్యి ఆనిస్తే ఎవరి తిండి, ఎవరి మందు వారికి ఇస్తుంది. మందు రోజుకొక్క సీసాయే. నూకరాజు భార్య పైడమ్మ గుండెమందు వానలు వెళ్ళేదాకా సరిపడా అందులోనే ఉంది. మూడు రోజులు అది పడకపోతే ఆమె గుండె ఆగిపోతుంది.

సముద్రం వీధి మొగదలకు వచ్చి కూర్చుంది. అందరూ కొండ మీది కాలనీకి వెళ్ళిపోయారు. అక్కడ చలువదాతలు ఇంకా పెట్టలేదు. ఖాళీ అయిన వీధి దాతను, వాటిని నడిపే సంస్థ వానలు వెళ్ళాక గానీ తరలించదట. అందుకే నూకరాజు దాన్ని సొంత బండిలో ఎక్కిస్తున్నాడు.

స్వచాలి ఇనుపచేతులు చాచి దాతను పడుకోబెట్టింది. నూకరాజు అద్దం మీద దుప్పట్లు కప్పి, పట్టీలు బిగించాడు.

"పడుకోబెడితే యంత్రంలోని నూనె గొట్టాల్లోకి జారుతుంది" అంది బండి. "దించి నిలబెట్టాక సాయంత్రం దీపాలు వెలిగేదాకా కరెంటు ఇవ్వకండి. అంతవరకు లోపలి చలువ నిలుస్తుంది. ముందే ఇస్తే యంత్రం చెడిపోతుంది."

"అలాగే" అన్నాడు నూకరాజు. నిజంగానే అలాగే అనుకున్నాడు.

ఘాట్ రోడ్డంతా బండి జాగ్రత్తగా నడిచింది. ప్రతి మలుపు దగ్గరా వేగం తగ్గించింది. ఒక్క సీసా కూడా పగల్లేదు. కొత్తింట్లో దాతను నిలబెట్టి, హెచ్చరిక మరోసారి చెప్పింది. దానికి కుదుపుల గురించీ నూనె గురించీ తెలియనిది లేదు.

మధ్యాహ్నం పైడమ్మ తలకు పోసుకుని వచ్చింది. దాతకు పసుపు రాసి బొట్లు పెట్టింది. పాలు పొంగించడానికి పొయ్యి లేని కాలంలో గృహప్రవేశమంటే అదే: ముహూర్తానికి దాత మీట నొక్కడం, అది ఇచ్చిన మొదటి వస్తువు ఇంటి ఇల్లాలు నోట్లో వేసుకోవడం.

"ముహూర్తం అయిపోతంది మావా. మీట నొక్కు."

"సాయంత్రం దాకా ఆగాల పైడీ. బండి సెప్పింది గదా."

"సాయంత్రం మంచిది కాదన్నారు పంతులుగారు." ఆమె గొంతు తగ్గించింది. "కింద ఈదిలో సంస్థోళ్ళు దీన్ని అమాస నాడు ఎట్టేరు. ఆ యేడే నా గుండెకి జబ్బొచ్చింది. మళ్ళీ అలాగే ఎట్టమంటావా?"

ఆ రెండింటికీ సంబంధం లేదని నూకరాజుకు తెలుసు. కానీ ఇన్నేళ్ళూ ఈ భయాన్ని ఆమె ఒక్కతే మోసిందని అతనికి ఆ క్షణాన తెలిసింది. దాత ఇంత సేపు నిలబడే ఉంది గదా, నూనె దిగే ఉంటుందిలే అని తనకు తానే నచ్చచెప్పుకున్నాడు.

మీట నొక్కాడు. దాత వెలిగింది. పైడమ్మ అరచెయ్యి ఆనించింది. చల్లటి సీసా జారి ఆమె దోసిట్లో పడింది. తాగి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

"సూసేవా? ఏటయినాదీ? ఏటీ అవలేదు."

ఆమె చాప వేసుకుని నిద్రపోయింది. కాసేపటికి దాత లోపల ఎవరో తలుపు కొట్టినట్టు చప్పుడైంది. యంత్రం రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. నూకరాజు మీట ఆపి, మళ్ళీ వేశాడు. పొద్దు వాలేదాకా అదే పని. చివరికి అద్దం మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: "చలువ తప్పింది. మందులు చెడి ఉండవచ్చు. మీ క్షేమం కోసం తలుపు మూశాము."

అద్దం వెనుక పైడమ్మ పేరుతో సీసాలు వరసగా కనిపిస్తూనే ఉన్నాయి. పగలగొట్టాలని చెయ్యి ఎత్తాడు. వెచ్చబడ్డ మందు విషమని గుర్తొచ్చి దించుకున్నాడు. ఆ కాలనీలో అడగడానికి వైద్యుడు లేడు. దాతలున్న ప్రపంచానికి వైద్యుడితో ఏం పని?

కాలనీ దీపాలు వెలిగాయి. బయట నుంచి స్వచాలి మర్యాదగా పలికింది: "ఇప్పుడు కరెంటు ఇవ్వవచ్చు."

పైడమ్మకు మెలకువ వచ్చింది. "బండేటంటంది మావా?"

"ఏటీ లేదు. పడుకో." అతను అద్దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"దాత సప్పుడు సెయ్యట్లేదేటి?"

"నీకు నిద్ర పట్టాలని నానే ఆపేను."

"మంచి పని సేసేవు" అందామె, కళ్ళు మూసుకుంటూ. "పొద్దున్నే మీట నొక్కు. రేపు కూడా మంచి రోజే."